కొండెక్కిన చుట్టిల్లు

మా మేనల్లుడు పారిస్‌లో ఉంటాడు. యానాంలో ఇదేమంత విశేషం కాదు, ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి. సెలవు దొరికితే చాలు, వాడు ఏదో ఒక ఊరు పట్టుకుని తిరుగుతుంటాడు. ఆమధ్య ఒక శనివారం ఇటలీ దక్షిణాన ఉన్న మతేరా నుంచి వీడియో కాల్ చేశాడు. లోతైన లోయ అంచున, ఒకదాని నెత్తిన ఒకటి, ఎక్కడ చూసినా గుహలే. ఒక ఇంటి కప్పు మీద ఇంకో ఇంటి వాకిలి. "మావయ్యా, ఈ ఊళ్లో ఇళ్లు కట్టలేదు, తవ్వారు. వేల ఏళ్లనుంచీ ఇందులో మనుషులున్నారట. మన దగ్గర ఇలాంటివెక్కడివిలే!" అన్నాడు.

ఆ చివరి మాట గుచ్చుకుంది. "సంక్రాంతికి రా, చూపిస్తాను" అన్నాను. వాణ్ని తీసుకెళ్లే ముందు నేనోసారి చూసి రావడం మంచిదనిపించి గుంటుపల్లి గుహలకి బయల్దేరాను.

మా వైపు వాళ్లకి రాయంటే మోజు. లేదు కాబట్టి. ధవళేశ్వరం దాటి గోదావరి పాయలుగా విడిపోయాక సముద్రం దాకా అంతా ఒండ్రే. తిరగలి, రుబ్బురోలు, సన్నికల్లు, అన్నీ బయటినుంచి బండెక్కి వచ్చినవే. 1847లో పని మొదలైన ఆనకట్టకి కాటన్ దొర ధవళేశ్వరం ఎంచుకోవడానికి అక్కడ కొండరాయి చేతికందడం కూడా ఒక కారణం. ఇల్లంటే మాకు ముందు మెరక. మట్టి పోసి, ఎత్తు చేసి, ఆ పైన గోడ లేపి, ఆఖరున కప్పు వేయాలి. కిందికి తవ్వితే వచ్చేవి నీళ్లే. అలాంటి నేలలో పుట్టినవాడికి, కొండలోకి తొలుచుకుంటూ పోయి ఇల్లు చేసుకోవచ్చన్న ఆలోచనే వింతగా ఉంటుంది.

బాలయోగి వారధి దాటి అమలాపురం, రావులపాలెం మీదుగా తాడేపల్లిగూడెం దాకా కొబ్బరి, వరి. అక్కణ్నించి మెట్ట మొదలు. మట్టి ఎర్రబడుతుంది, పామాయిల్ తోటలు కమ్ముకుంటాయి. రాత్రికి ద్వారకా తిరుమలలో ఉండి, పొద్దున్నే కామవరపుకోట దాటి జీలకర్రగూడెం చేరాను. గుంటుపల్లి గుహలంటాం గానీ అవి ఉన్నది ఈ ఊరి పక్క కొండ మీద. పశ్చిమ గోదావరి అనడం నాలుకకి అలవాటు. 2022 నుంచి ఏలూరు జిల్లా.

మెట్లెక్కి వెళితే గుర్రపునాడా ఆకారంలో వంపు తిరిగిన కొండ. ఒకవైపు బౌద్ధ భిక్షువుల విహారాలు, అంటే ఇసుకరాతిలో తొలిచిన చిన్న చిన్న గదులు. భిక్షువులు ఏడాదంతా తిరుగుతూనే ఉండాలి, వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఆగాలన్నది నియమం. ఆ మూడు నెలల వానకి గొడుగుగా మొదలైన గదులివి. క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివంటారు. రాయి మెత్తన కావడంతో చాలాచోట్ల గోడలు అరిగి రాలిపోయాయి. అజంతా చూసొచ్చినవాళ్లు ఇక్కడ పెదవి విరుస్తారు. విరవనివ్వండి.

శిథిలమైన మండపం స్తంభాల మీద బ్రాహ్మీ శాసనం ఉంది. మహామేఘవాహన వంశపు సిరిసద అనే కళింగ మహిషకాధిపతి దగ్గర లేఖకుడిగా పనిచేసిన చులగోమ ఆ మండపాన్ని దానమిచ్చాడని అందులో ఉంది. రాజుగారు కాదు, రాజుగారి దగ్గర రాసిపెట్టే ఉద్యోగి! రాసుకుని బతికేవాడికి మండపం కట్టించేంత మిగిలిన రోజులు కూడా ఉన్నాయన్నమాట. కాలమ్ రాసేవాడిగా ఆ స్తంభం దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను.

నేను వెళ్లింది మాత్రం గుండ్రటి చైత్యం కోసం. గుమ్మం పైన కమాను, ఆ కమానులో చెక్క దూలాల కొసల్లాగా చెక్కిన రాయి. లోపల మధ్యలో స్తూపం, చుట్టూ ప్రదక్షిణకి చోటు. స్థానికులకి ఆ స్తూపం ధర్మలింగేశ్వరస్వామి. బొట్లు పెట్టి దండం పెట్టుకుంటారు. స్తూపాన్ని అలా వదిలేసి తలెత్తి చూడండి. కప్పంతా వాసాలు. రాతి వాసాలు! అంచు దగ్గర ఎడంగా మొదలై, పైకి వెళ్లేకొద్దీ దగ్గరపడుతూ నడినెత్తిన కలుసుకుంటాయి. వాటికి మోయాల్సిన బరువేమీ లేదు. పైనున్నది కొండ. వాసం చెక్కినా చెక్కకపోయినా కప్పు నిలబడుతుంది. అయినా ఒక్కొక్కటీ ఓపిగ్గా చెక్కారు.

గోదావరి నోటి దగ్గర్నించి శ్రీకాకుళం దాకా తీరపల్లెల్లో పెరిగినవాళ్లెవరైనా ఆ కప్పుని పోల్చుకుంటారు. చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద తాటాకు కప్పు, చూరు నేలకి దగ్గరగా దిగి ఉండటంతో వంగి లోపలికి వెళ్లాలి. గాలి తోసేందుకు ఎక్కడా ఎత్తయిన గోడ దొరకదు, మూల ఉండదు. తుపాను వచ్చినా చుట్టూ తిరిగి పోవాల్సిందే. నా చిన్నప్పుడు వానలకి ముందు కప్పు మార్చడం ఊరంతటి పని. ఆకు కోసి, బరువు పెట్టి సాపు చేసి, చూరు దగ్గర మొదటి వరస కట్టి, దాని మీద సగం ఎక్కేలా రెండో వరస, అలా కొప్పు దాకా. రెండు మూడేళ్లకోసారి అంతా తీసి మళ్లీ కప్పాల్సిందే. ఎంత గొప్ప పనిమంతుడైనా తన పనిని మూడేళ్లకి మించి చూసుకోలేడు.

గుహ తొలిచేవాడి పని దీనికి పూర్తిగా తలకిందులు. వాడు పైనుంచి కిందికి వస్తాడు. అజంతాలో సగంలో వదిలేసిన గుహలు చూస్తే ఇది తెలుస్తుంది: కప్పు ముందు తేలుతుంది, నేల ఆఖరున. మేము నేలతో మొదలుపెట్టి కప్పుతో ముగిస్తాం, వాళ్లు కప్పుతో మొదలుపెట్టి నేలతో ముగిస్తారు. మేము ఒక ఆకు తప్పు కడితే విప్పి మళ్లీ కట్టొచ్చు. ఉలి జారితే మాత్రం రాయి తిరిగి అతకదు. ఇంత తేడా ఉన్న పనిలోకి దిగి కూడా ఆ చెక్కినవాళ్లు తమకి తెలిసిన ఇంటినే చెక్కారు. గుంటుపల్లి ఒక్కటే కాదు, బీహారులో బరాబర్ కొండల మీద అశోకుడు తన పాలన 12వ ఏట ఆజీవక సన్యాసులకిచ్చిన సుదామ గుహలో కూడా లోపలి గది గుండ్రటి పాకే, రాతిలో చూరుతో సహా. మన దేశంలో రాతిపని తాటాకు, వెదురు, కర్ర పనిచేసే వాళ్ల దగ్గర పాఠాలు నేర్చుకునే మొదలైందని నా నమ్మకం. ఆ గురువుల ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు. శిష్యుల పని మిగిలింది.

మతేరా సంగతి వేరు. అక్కడి సున్నపురాయి మెత్తన. లోపల తొలిచిన రాయినే దిమ్మెలుగా కోసి ముందు గోడ కట్టుకున్నారు, వాననీటిని కాలువలు చెక్కి తొట్లలోకి మళ్లించారు. గుహ కిక్కిరిసి, గాలీ వెలుతురూ లేని ఒకే గదిలో పిల్లలూ గాడిదా పందీ కలిసి పడుకునే రోజులొచ్చాయి. రచయిత కార్లో లేవీ 1945లో అచ్చువేసిన పుస్తకంలో అక్కడి పిల్లల మలేరియా, కళ్లజబ్బుల గురించి చదివి దేశం ఉలిక్కిపడింది. 1950లో ప్రధాని దె గాస్పెరి వచ్చి చూశాడు, 1952లో చట్టం తెచ్చి, తర్వాతి ఏళ్లలో దాదాపు 15,000 మందిని కొత్త ఇళ్లకి తరలించారు. ఖాళీ గుహలు పాడుబడ్డాయి. 1964లో దర్శకుడు పసోలిని ఏసుక్రీస్తు సినిమాకి ఆ ఊరినే జెరూసలేం చేశాడు. 1986లో మరమ్మతులకి ఇంకో చట్టం, 1993లో యునెస్కో గుర్తింపు, 2019లో ఐరోపా సాంస్కృతిక రాజధాని. మా వాడు బస చేసింది అలాంటి గుహలోనే. వేడినీళ్ల షవరుంది. ఆ గదిలో ఒకప్పుడు గాడిద ఉండేదని హోటలువాళ్లు గర్వంగా చెప్పారట.

దీన్ని వెక్కిరించడం తేలికే. కానీ అక్కణ్నించి కదిలిన తల్లులెవరూ మళ్లీ ఆ చీకట్లోకి పోతామని అని ఉండరు. మా వైపు కూడా అంతే. 1977 దివిసీమ ఉప్పెన, 1990 మే తుపాను, మా కళ్లముందే 1996 నవంబరు తుపాను, ప్రతిదాని తర్వాతా పక్కా ఇళ్లు వచ్చాయి, రావాలి కూడా. పొయ్యిలోంచి ఒక్క నిప్పురవ్వ ఎగిరితే వీధి వీధంతా బూడిదైన పేటల్లో ఎండాకాలం ఎలా గడిచేదో నాకు తెలుసు. తాటాకింటి మీద బెంగ పెట్టుకునేది సాధారణంగా దాంట్లో ఉండనివాళ్లే. నా ఇబ్బంది ఇల్లు పోవడం గురించి కాదు. మతేరాలో ఇళ్లు ఖాళీ అయినా రాయి అక్కడే ఉంది. బుద్ధి వచ్చాక వెనక్కెళ్లి కొలతలు తీసుకోగలిగారు. మా ఇల్లు మూడేళ్లకి మట్టి. దాని పనితనం మనిషి చేతుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఈఫిల్ టవర్ పోలికలో వంద మీటర్లు దాటిన స్తంభం లేపిన ఊరు మాది. దాని పక్కన ఒక్క చుట్టిల్లు కట్టించి, ఏటా పిల్లల చేత కప్పు వేయిస్తే ఖజానా ఏం తరిగిపోదు.

తిరిగొచ్చాక దరియాలతిప్ప వైపు ఉండే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఇళ్లు కప్పిన చేతులే, ఇప్పుడు కోనసీమ రిసార్టుల్లో తాటాకు గొడుగులు కడుతున్నాయి. ఫోనులో చైత్యం కప్పు చూపించి, "ఇది మన చుట్టిల్లే కదా బాబాయ్?" అన్నాను. ఆయన ఫోను అందుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"మందయితే కాదండి మాస్టారూ. మన వాసం తిన్నగా పోద్ది. ఇదెలా వంగిందో చూడండి. తాటిదూలాన్ని ఇలా వంచితే పెటేలుమని ఇరుగుద్దండి. ఇది చెక్కినోడు చూసిన ఇల్లు వెదురిల్లయ్యుంటాది. పచ్చి వెదురైతే ఇలాగ వంగుద్ది."

రాతి చైత్యాల ఆ వంపు వెనుక వంచిన వెదురుందని వాస్తు చరిత్రకారులు పుస్తకాలు రాశారు. ఈయన ఏ పుస్తకమూ తెరవలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన పట్టించుకోలేదు.

"కట్టిత్తారేటండి? రాజమండ్రి అడితీల్లో వెదురు దొరుకుద్ది. వంపుకి మాత్రం పచ్చిది కావాలండి, వారం ముందే చెప్పాలి."

సంక్రాంతికి మేనల్లుడు వస్తున్నాడు. వెదురు ఖర్చు వాడిదేనని ఫోనులో చెప్పేశాను.