మందు గడియారం, పురుగు గడియారం

కెల్లీవిల్‌లో మా వంటింటి బొద్దింకకూ, గోదావరి వరిచేలో సుడిదోమకూ వాడే మందులు ఒకే కోవవి. రెండూ పురుగు ఎదుగుదల మీదే దెబ్బ కొడతాయి. రెండింటికీ 'నెమ్మది మందు' అనే పేరే పడింది. ఆ పేరు రెండింటికీ ఒకేలా తగదని నా అభిప్రాయం.

ఇక్కడ డిష్‌వాషర్ వెనక పైరిప్రాక్సిఫెన్ కొట్టించాం. అది పురుగు ఒంట్లోని బాల్య హార్మోనుకు నకలు. పిల్ల బొద్దింక పెద్దదయ్యే వేళకు ఆ హార్మోను తగ్గిపోవాలి. నకలు ఉంటే తగ్గినా తగ్గనట్టే. 1960ల మధ్యలో, ప్రాగ్ నుంచి హార్వర్డ్‌కు వెళ్లిన కారెల్ స్లామా పెంచిన పురుగులు ఎంతకీ పెద్దవి కాలేదు. తీరా చూస్తే కారణం వాటి దగ్గర పెట్టిన కాగితం తువ్వాలు! అది తయారైన ఫర్ చెట్టులోనే అలాంటి పదార్థం ఉంది. మా ఇంట్లో మూడు వారాలకు వంకర రెక్కల బొద్దింక కనబడితే, మందు పనిచేయలేదన్నారు అందరూ. ఆ వంకర రెక్కే మందు తగిలిందనడానికి గుర్తు. అలాంటిదానికి ఇక సంతానం ఉండదు. కానీ అప్పటికే పెద్దవైనవి తిరుగుతూనే ఉంటాయి, వాటికి జెల్ ఎర వేరే పెట్టాల్సిందే.

వరిలో బుప్రోఫెజిన్ దారి వేరు. కొత్త పైపొరకు కావలసిన కైటిన్‌ను తయారుకానివ్వదు. పిల్లదోమ కుబుసం విడవబోయి చస్తుంది. బొద్దింక పిల్ల పెద్దదవడానికి నెలలు పడితే, సుడిదోమ పిల్ల రెండు వారాల్లోనే ఐదుసార్లు కుబుసం విడుస్తుంది. అంటే మూడు రోజులకోసారి మందుకు అవకాశం. నెమ్మది బొద్దింకదే, మందుది కాదు. అందుకే ఈ మందుల అసలు విలువ తెలిసేది వంటింట్లో కంటే చేలోనే అంటాను.

కానీ చేలోనే తొందర ఎక్కువ. లీటరు నీటికి 1.6 మి.లీ. బుప్రోఫెజిన్ కలిపి కొట్టిన మర్నాడు రెక్కల దోమ ఎగురుతుంటే, రైతు పైరెత్రాయిడ్ అందుకుంటాడు. దాంతో దోమను తినే సాలీళ్లూ మిరిడ్ నల్లులూ పోతాయి, దోమ రెట్టింపవుతుంది. పైగా నాట్లప్పుడు రెండు మీటర్లకో బాట వదలకపోతే మందు దుబ్బు మొదలుకు చేరనే చేరదు. దోమ ఉండేదేమో అక్కడే.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నిన్న కొట్టాను. దోమ చావలేదు."

"పైన చూడకురా. నాలుగు రోజులాగి, దుబ్బు విడదీసి మొదట్లో పిల్లదోమల్ని లెక్కపెట్టు."