పట్టి వదిలే చేప కోసం ఫ్రాన్స్ దాకా

ఫ్రాన్స్‌లో నదిలోనో ఊరుమ్మడి చెరువులోనో గాలం వేయాలంటే పొద్దు పొడవడానికి అరగంట ముందు నుంచి పొద్దు గూకిన అరగంట దాకే అనుమతి. ఆ తర్వాత గాలం నీళ్లలో ఉంటే చట్టవిరుద్ధం. కార్ప్ చేప విషయంలో రాత్రి వేటకు అధికారులు కొంత వెసులుబాటు ఇస్తారు గానీ అది ఫలానా నదిలో ఫలానా మేర వరకే. ఆ చేపేమో ఎండాకాలం పగలంతా పైనీళ్లలో బద్ధకంగా తేలుతూ, చీకటి పడ్డాక అడుగుకు దిగి మేత మేసే రకం. చట్టానికీ చేప అలవాటుకూ ఇలా పొసగకపోవడం వల్ల లాభపడింది ప్రైవేటు చెరువుల వాళ్లు. నదితో కలవకుండా చుట్టూ గట్టు ఉన్న సొంత చెరువుకు ఈ నిబంధన వర్తించదు, వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. అక్కడ యజమాని పెట్టిందే చట్టం.

అందుకే ఇంగ్లండ్ నుంచి, నెదర్లాండ్స్, బెల్జియంల నుంచి వేసవి సెలవుల్లో కుటుంబాలు కారు నిండా గాలపు కర్రలూ గుడారాలూ సర్దుకుని ఫ్రాన్స్ పల్లెలకు బయల్దేరతాయి. ఇంగ్లిషు వాళ్లు ఫోక్‌స్టన్ దగ్గర కారును రైలెక్కిస్తే 35 నిమిషాల్లో సముద్రం కింది సొరంగం దాటి కలేలో దిగుతారు. అక్కడి నుంచి లిమూజాన్ లాంటి ప్రాంతానికి దాదాపు రోజంతా ప్రయాణం. చెరువు గట్టు మీద ఒక ఇల్లు, దానికో వంటగది. శనివారం నుంచి శనివారం దాకా ఇల్లూ చెరువూ ఆ కుటుంబానివే. వారమంతా చేపలు పడతారు, ఒక్కటీ వండుకోరు. మన వాళ్లకు మింగుడుపడనిది ఈ చివరి మాటే.

నిజానికి ఈ చెరువుల్లో చాలావాటిని తవ్వించింది తినడానికే. మధ్యయుగంలో క్రైస్తవ మఠాల వాళ్లకు లెంట్ ఉపవాస దినాల్లో మాంసం నిషిద్ధం, చేపకు అభ్యంతరం లేదు. లియోన్ నగరానికి ఈశాన్యంగా ఉన్న దోంబ్, మధ్య ఫ్రాన్స్‌లోని సొలోన్, బ్రెన్ ప్రాంతాల్లో బంకమట్టి నేలలకు కట్టలు పోసి, తూములు పెట్టి, వేలాది చెరువులు తయారుచేశారు. దోంబ్‌లో ఇప్పటికీ శీతాకాలం చేరువయ్యేసరికి తూము ఎత్తి నీళ్లు వదిలి, అడుగున మిగిలిన చేపల్ని వలలతో పడతారు. కొన్నేళ్లు చేప పెంచాక ఒక ఏడాది చెరువును ఎండగట్టి ధాన్యం వేస్తారు. కట్ట, తూము, అలుగు ఎరిగిన మనకు ఈ ఏర్పాటు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ చేప కూడా మనకు తెలిసిందే. కామన్ కార్ప్ అంటే మన బంగారు తీగ. 1939లో సిలోన్ నుంచి ఒక రకం నీలగిరులకు వచ్చింది, 1957లో బ్యాంకాక్ నుంచి తెచ్చిన ఇంకో రకం మైదానాల చెరువుల్లోకి వ్యాపించింది. కైకలూరు, ఆకివీడు వైపు పెద్దపీట బొచ్చెకూ శీలావతికీ అయినా, మిశ్రమ పెంపకంలో అడుగున మేసేందుకు దీన్నీ వదులుతారు. గట్లు కుళ్లగిస్తుందని విసుక్కునే రైతులున్నారు. మన దగ్గర కిలో అటూ ఇటూ తూగగానే అది సంతకు పోతుంది. ఫ్రాన్స్‌లో సెలవు చెరువుల వాళ్లు చూపించే చేప 20 కిలోలు దాటి, ఒక్కోసారి ఇరవై ఏళ్ల వయసు పైబడి ఉంటుంది. అంత వయసు దానికి దక్కింది ఎవరూ తినకపోవడం వల్లే.

ఈ వేటకు శాస్త్రం రాసుకున్నది ఇంగ్లిషు వాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం దాకా పెద్ద కార్ప్‌ను గాలంతో పట్టడం కాని పని అనే నమ్మకం ఉండేది. 1952 సెప్టెంబర్‌లో రిచర్డ్ వాకర్ అనే ఇంజనీరు వేల్స్ సరిహద్దు దగ్గర రెడ్‌మైర్ పూల్ అనే మూడెకరాల కుంటలో 44 పౌండ్ల చేపను, అంటే దాదాపు 20 కిలోలది, ఒడ్డుకు చేర్చి ఆ నమ్మకాన్ని చెరిపేశాడు. పట్టి వదలడమే ధర్మంగా చెప్పుకునే ఈ సంప్రదాయానికి మూలపురుషుడు తన చేపను మాత్రం నీళ్లలోకి తిరిగి వదల్లేదు. లండన్ జంతుప్రదర్శనశాలకు ఇచ్చాడు. క్లారిస్సా అనే పేరుతో అది 1971 దాకా అక్కడి అక్వేరియంలో బతికింది. దారం కదిలితే మోగే ఎలక్ట్రిక్ అలారాన్ని తయారుచేసిందీ వాకరే. అది లేకపోతే ఇవాళ్టి కుటుంబ సెలవు లేదు, ఎందుకంటే వేటగాడు నిద్రపోవచ్చని మొదట ఒప్పుకున్న పరికరం అదే. 1980లలో దక్షిణ ఫ్రాన్స్‌లోని సాంకాసియాన్ జలాశయంలో ఇంగ్లండ్‌లో కలలో కూడా కనిపించని బరువులు పడుతున్నాయన్న వార్త పొక్కాక, ఇంగ్లిషు వేటగాళ్ల చూపు సముద్రం దాటింది.

ఇక పనితనం సంగతి. కొత్తవాళ్లు చెరువు దగ్గరికి రాగానే గాలాలు విసిరేస్తారు. చేయి తిరిగినవాళ్లు మొదటి పూటంతా కర్ర ముట్టుకోరు. గట్టు చుట్టూ నడుస్తారు. తామరాకుల సందున ఆకు ఎందుకు వణికింది, నీటి మీదికి సన్నని బుడగల వరుస ఎక్కడ లేచింది, ఏ మూల నీరు బురదగా మారింది, గాలి ఏ ఒడ్డుకు తోస్తోంది అని చూస్తారు. కార్ప్ అడుగు బురదలో మూతి దూర్చి పురుగుల్ని ఏరుకుంటుంది, బుడగలు లేచేది అప్పుడే. తర్వాత దారం చివర ఉత్త సీసపు గుండు కట్టి విసిరి, దాన్ని మెల్లగా లాగుతూ అడుగును తడిమి చూస్తారు. మెత్తటి బురదలో గుండు పీక్కుపోయినట్టు వస్తుంది. గులకనేల మీద చేతిలో టకటకమని కొడుతుంది. నాచులో చిక్కుకుంటుంది. గట్టి నేల ఎక్కడుందో తెలిస్తే ఆ దూరానికి దారం మీద గుర్తు పెట్టుకుంటారు. చెరువు అడుగు పటం వాళ్ల మనసులో తయారయ్యేసరికి సాయంత్రమవుతుంది.

ఎర పేరు బాయిలీ. చేపల పొడి, సోయా పిండి, పాల ప్రొటీన్, మన వంటింటి బొంబాయి రవ్వ, వీటన్నిటినీ గుడ్లతో కలిపి ముద్ద చేసి, పెద్ద రేగిపండంత ఉండలుగా చుట్టి, మరిగే నీళ్లలో నిమిషమో రెండు నిమిషాలో ఉడికిస్తారు. పైన గట్టి పొర కడుతుంది కాబట్టి చిల్లర చేపలు కొరుక్కు తినలేవు. పోషకాలు నిండిన ఎరను చేప మళ్లీ మళ్లీ వెతుక్కుంటూ వస్తుందని 1970లలో ఫ్రెడ్ విల్టన్ అనే ఇంగ్లిషు వేటగాడు వాదించాడు. ఇప్పటి ఎరల వ్యాపారమంతా ఆ వాదన మీదే నడుస్తోంది. మొక్కజొన్న, శనగలు, టైగర్ నట్స్ అనే తుంగజాతి దుంపలు కూడా వాడతారు. అయితే వాటిని ఒక రోజంతా నానబెట్టి కనీసం అరగంట ఉడికించాలి, లేదంటే చేప కడుపులో ఉబ్బి ప్రాణం తీస్తాయి. 2009లో ఇంగ్లండ్‌లో బెన్సన్ అనే పేరుమోసిన కార్ప్ చనిపోతే అనుమానం ఉడకని గింజల మీదికే పోయింది. చాలా చెరువుల యజమానులు గింజల్ని ఇంటి నుంచి తేవద్దని, తామే ఉడికించి అమ్ముతామని అంటారు. లాభం మాట ఎలా ఉన్నా ఆ నిబంధన మంచిదే.

అసలు కిటుకు గాలానికి ఎర గుచ్చకపోవడంలో ఉంది. కార్ప్ నోట్లో పళ్లుండవు, అవి గొంతులో ఉంటాయి. కనిపించినదాన్నల్లా నీళ్లతో సహా లోపలికి పీల్చి, పెదాలతో పరీక్షించి, అనుమానం వస్తే ఊదేస్తుంది. గాలానికి గుచ్చిన ఎర బరువుగా, గట్టిగా తగులుతుంది కాబట్టి ముసలి చేప దాన్ని క్షణంలో ఉమ్మేస్తుంది. 1970ల చివర్లో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మ్యాడక్స్ అనే ఇంగ్లిషు వేటగాళ్లు గాజుతొట్టెలోని చేపల్ని గమనిస్తూ ఒక ఉపాయం కనిపెట్టారు. గాలాన్ని ఖాళీగా వదిలి, దాని వంపు నుంచి ఒక వెంట్రుకకు ఎరను వేలాడదీశారు. చేప ఎరను పీలిస్తే వెనకే గాలం లోపలికి వెళ్తుంది. ఊదేటప్పుడు ఎర బయటికి పోయినా గాలం తిరగబడి కింది పెదవికి గుచ్చుకుంటుంది. మొదట వాడింది నిజంగా వెంట్రుకే, అందుకే దాన్ని హెయిర్ రిగ్ అంటారు. ఇప్పుడు సన్నని దారం వాడుతున్నారు. దానికి తోడు దారం మీద ఎనభై, వంద గ్రాముల సీసం ఉంటుంది. ముల్లు తగిలిందని చేప బెదిరి పరిగెత్తగానే ఆ బరువు గాలాన్ని ఇంకాస్త లోతుకు దింపుతుంది. రీలు వదులుగా తిరుగుతుంది, అలారం ఆగకుండా అరుస్తుంది. మన వైపు బెండు మునగ్గానే కర్రను లాగేవాళ్లకు ఇది వేటలా అనిపించకపోవచ్చు. ఇక్కడ లాగడానికేమీ లేదు, చేప తనను తానే పట్టించుకుంటుంది. నైపుణ్యమంతా అంతకుముందు ఖర్చయింది, మిగిలినదంతా ఇకముందు కావాలి.

ఒడ్డుకు చేరిన చేపతో ఎలా మెలిగారన్నదాన్ని బట్టే వేటగాడి స్థాయి తెలుస్తుందని నా అభిప్రాయం. గాలం వేయకముందే ఒడ్డున నురుగు అంచులున్న తొట్టి లాంటి పరుపు, పక్కనే బకెట్లో చెరువు నీళ్లు సిద్ధంగా ఉండాలి. చేపను వలలోనే ఉంచి ఊపిరి తీసుకోనిచ్చి, ఆ తర్వాతే పైకి ఎత్తాలి. చేతులు, పరుపు, తూకం సంచి అన్నీ తడిగా ఉండాలి. పొడి గుడ్డ తగిలితే ఒంటి మీది జిగురుపొర చెరిగిపోయి రోగాలకు దారి ఇస్తుంది. గాలం తీసిన గాయానికి మందు రాస్తారు. ఫొటో తీయించుకునేవాడు మోకాళ్ల మీదే ఉండాలి, నిలబడకూడదు. ఇరవై కిలోల చేప గిలగిల్లాడి చేజారితే పరుపు మీద పడాలి గానీ రాళ్ల మీద కాదు. దారం తెగినా సీసం దానంతటదే ఊడిపోయేలా కట్టాలి, లేకపోతే చేప దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. వలల తేమతో కోయి హెర్పిస్ వైరస్ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పాకుతుందని, మా వలలే వాడండి, మీవి కారులోనే ఉంచండి అని చాలామంది యజమానులు గీత గీస్తారు. నీళ్లు 18–20 డిగ్రీలకు వేడెక్కి చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపించేవాడు మంచి యజమాని. మేలో బుక్ చేసుకున్నవాళ్లకు ఇది కోపం తెప్పిస్తుంది, అయినా సరే.

మరి కుటుంబం మాటేమిటి? ఏళ్ల తరబడి ఇది ఒంటరి మగవాళ్ల వ్యసనం. గుడారంలో నాలుగు రాత్రులు, డబ్బా తిండి, గడ్డం. సెలవు చెరువు ఆ వ్యసనాన్ని ఇంటివాళ్ల మధ్యకు లాక్కొచ్చింది. ఇందులో గొప్పంతా పిల్లలకు దక్కుతుంది. రీలు లేని సన్నని కర్ర, చిన్న బెండు, ఒక మొక్కజొన్న గింజ ఇస్తే రేవు పక్కన అరచేతిలో పట్టే చేపల్ని గంటకు డజను పడతారు. తండ్రి రెండు రోజులుగా అలారం కేసి చూస్తూ కూర్చుని ఉంటాడు. నిజమైన సరదా ఎవరిదో చెప్పనక్కర్లేదు. పెద్ద కార్ప్ పడిందా, వల పట్టేది ఒకరు, టార్చి పట్టేది ఇంకొకరు, పరుపు తడిపేది చిన్నది. అర్ధరాత్రి మూడింటికి ఇంటిల్లిపాదికీ తలో పని దొరుకుతుంది. తన జీవితంలోనే పెద్ద చేపను పట్టినవాడి నెత్తిన బకెట్ నీళ్లు కుమ్మరించడం ఆనవాయితీ. ఆ పనికి పిల్లలు పోటీ పడతారు.

ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోవాలి. గాలాల్ని వదిలేసి పోకూడదన్నది చాలా చెరువుల్లో కచ్చితమైన నిబంధన. చేప నాచులో చుట్టుకుంటే నిమిషాల్లో అక్కడికి చేరాలి. అంటే వేటగాడు ఊరి సంతకూ రాలేడు, ఇంట్లో భోజనానికీ కూర్చోలేడు. తెలివైన కుటుంబాలు పగటిపూట గాలాలన్నీ తీసేసి అందరూ కలిసి తిరిగి, రాత్రికి మళ్లీ వేస్తాయి. చేప మేసేదీ అప్పుడే కాబట్టి నష్టపోయేది పెద్దగా లేదు. గట్టుకు కంచె ఉందా, పిల్లలకు లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని కూడా అడగాలి.

ఇంత శ్రద్ధా చూపించి చేపను ఎందుకు బాధపెట్టాలి అన్న ప్రశ్న వట్టిగా కొట్టిపారేసేది కాదు. 2003లో లిన్ స్నెడ్డన్ అనే శాస్త్రవేత్త బృందం ట్రౌట్ చేప తలలో నొప్పిని పసిగట్టే నరాలున్నాయని చూపించింది. వదిలేద్దామనే ఉద్దేశంతో చేపలు పట్టడాన్ని స్విట్జర్లాండ్ 2009 నుంచి నిషేధించింది. తగిన కారణం లేకుండా జంతువును బాధించకూడదనే జర్మనీ చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. తినడానికైతే పట్టు, ఆటకైతే వద్దు అన్నది వాళ్ల వాదం, మన పల్లెల్లో ఎవరిని అడిగినా అదే అంటారు. వేటగాళ్ల జవాబు వేరు. ఈ చేపకు విలువ ఉన్నంతకాలం ఈ చెరువుకు కాపలా ఉంటుంది, నీళ్లలో విషం కలవనివ్వరు అంటారు. రెండో వాదనలో స్వార్థం ఉంది, నిజమూ ఉంది. దోంబ్ చెరువుల్లో చేప నాలుగేళ్లు బతికి పళ్లెంలోకి వెళ్తుంది, సెలవు చెరువులో ఇరవై ఏళ్లు బతికి అప్పుడప్పుడూ పెదవి గుచ్చుకుంటుంది. ఏది మేలో చేపను అడగలేం. నాకైతే మొదటిదే సూటిగా కనిపిస్తుంది, అయినా రెండోదాన్ని నేరమని అనలేను.

నాకు అంతకంటే ఎక్కువగా పట్టే సంగతి ఇంకొకటి ఉంది. పెద్ద చేపలున్న చెరువుకే గిరాకీ. అంత పెద్ద చేప తయారవడానికి పదిహేనేళ్లు పడుతుంది, అప్పు చేసి చెరువు కొన్నవాడికి అంత ఓపిక ఉండదు. దాంతో నదుల్లోంచి రాత్రికి రాత్రి పెద్ద కార్ప్‌లను ఎత్తుకొచ్చి అమ్మే దొంగ వ్యాపారం పుట్టింది. దాన్ని ఆపడానికే, 60 సెంటీమీటర్లు దాటిన, బతికున్న కార్ప్‌ను మామూలు వేటగాడు ఎక్కడికీ తరలించకూడదని ఫ్రాన్స్ చట్టం చేసింది, జరిమానా 22,500 యూరోల దాకా ఉంటుంది. అందుకని సెలవు బుక్ చేసేటప్పుడు ఇంట్లో ఎన్ని మంచాలున్నాయో అడిగే ముందు రెండు ప్రశ్నలు వేయాలి. ఈ చేపలు ఏ పెంపకందారు దగ్గర, ఎప్పుడు కొన్నవి? చెరువు తూము ఎత్తి చివరిసారి ఎండగట్టింది ఏ సంవత్సరం? తడుముకోకుండా బిల్లులు తీసి చూపించేవాడికే అడ్వాన్సు కట్టాలి. మిగతావాళ్లు గోడ మీద ఎన్ని పెద్ద చేపల ఫొటోలు తగిలించినా సరే.