తేలికయ్యే బరువు

విశాఖ రేవులోనైనా ఉక్కు కర్మాగారంలోనైనా బరువులతో బతికేవాళ్లకు ఒక లెక్క ఉంటుంది: చేతిలో భారం తగ్గిందంటే పని ఒక కొలిక్కి వచ్చినట్టే. తోకచక్రం ఉన్న పాతకాలపు విమానం దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా వంటివి రెండు పెద్ద చక్రాల మీద బరువు మోపి, తోకను చిన్న చక్రం మీదో ఇనుప బద్ద మీదో ఆనించి, ముక్కు పైకెత్తి కూర్చుంటాయి. వాటి గరిమనాభి పెద్ద చక్రాల ఇరుసుకు కాస్త వెనక, చాలా పైన ఉంటుంది. 500 కిలోల విమానంలో అది ఇరుసుకు 40 సెంటీమీటర్ల వెనక, తోక 5 మీటర్ల వెనక ఉన్నాయనుకుందాం. తోక దగ్గర చేతికి తగిలేది 40 కిలోలే. తోక లేచేకొద్దీ గరిమనాభి ఇరుసు వైపు జరుగుతుంది. ఆ 40 సెంటీమీటర్లు 20 అయ్యేసరికి భారం సగానికి పడిపోతుంది. ఇంకా ఎత్తితే సున్నా. ఆ పైన విమానం తనంతట తానే ముక్కు మీదికి ఒరిగి ప్రొపెల్లర్‌ను నేలకు కొడుతుంది. అందుకే తోక ఎత్తడం కండబలం పని కాదు, ఎక్కడ ఆగాలో తెలిసుండాల్సిన పని అంటాను.

అసలు ఎత్తడం ఎందుకు? తూకం వేయాలన్నా, రెక్కల అమరిక చూడాలన్నా యంత్రం నేలకు సమాంతరంగా నిలవాలి. పైగా తోక కింద బద్ద మాత్రమే ఉన్న తొలినాటి టైగర్ మాత్‌ను ఇరుకు షెడ్డులో తిప్పాలంటే తోక చేతుల్లోకి రావాల్సిందే. పని మొదలయ్యేది తోక దగ్గర కాదు, ముందు చక్రాల దగ్గర: వాటికి అడ్డుచెక్కలు పెట్టాలి. ఇంజనుకు నిప్పురవ్వనిచ్చే మాగ్నెటో స్విచ్చులు ఆపి ఉన్నాయని కళ్లారా చూసుకోవాలి, అయినా ప్రొపెల్లర్ తిరిగే మేరలో ఎవరూ నిలవకూడదు. ఇంధనం ఎంత ఉంది, ఇంజను బిగించే ఉందా, సీట్లో ఎవరైనా కూర్చున్నారా అన్నదాన్ని బట్టి తోక బరువు మారుతుంది. పట్టుకోవాల్సింది తయారీదారు చూపిన పిడినో, దేహంలో అడ్డంగా కడ్డీ దూర్చే గొట్టాన్నో. అవి లేకపోతే, ఆ విమానం మాన్యువల్ ఒప్పుకున్న చోటే పట్టు. ఎలివేటర్ (తోక మీది కదిలే పలక), బిగుతు తీగలు, గుడ్డ తొడుగు ముట్టరాదు. తోక లేచాక స్టాండు మీద ఆనించి, ఇసుక సంచులు కట్టి అదిమి ఉంచాలి. మాట ఒక్కరిదే కావాలి. వల లాగే జాలర్ల ‘ఐలేసా’కు ఉన్న అర్థమూ అదే, కాకపోతే ఇక్కడ ఊపు పనికిరాదు.

సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇంకో చిక్కుంది. ముక్కు ఎత్తి నిలిచిన విమానంలో నీళ్లు చేరేది తోక మొదట్లోకే. ఉక్కు గొట్టాలతో అల్లిన దేహమైతే అట్టడుగు గొట్టాలు లోపల్నుంచి తుప్పు పడతాయి, పైన రంగు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. ఉప్పు తేమ ఆ పనిని తొందర చేస్తుంది. ఉక్కును కాచిపోసే ఊరికి ఇది విడమరిచి చెప్పాలా? ఎత్తబోయే చోటే బలహీనపడి ఉండొచ్చు గనుక, పట్టుకునే ముందు తట్టి చూడటం ఈ విద్యలో భాగం.

ట్రాక్టర్లుండగా ఈ చేతిపని దేనికని అడగొచ్చు. నిజమే, ఖాళీగానే ఎనిమిది టన్నుల దరిదాపుల్లో ఉండే డకోటాను చేతులతో ఎత్తరు, జాకీలూ స్టాండ్లూ వాడతారు. కానీ జాకీకి కూడా ఆ గరిమనాభి సూత్రమే వర్తిస్తుంది. భారం సగమైందని చేయి చెబుతుంది, జాకీ చెప్పదు. నడుము పట్టేసే పాతపద్ధతిని మెచ్చుకోవడం ఎందుకన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. దానికి నేను సగం ఒప్పుకుంటాను: చాలినంత మంది లేనప్పుడు ఎత్తడం సంప్రదాయం కాదు, మొండితనం. తోక కింద తోసే చక్రాల బండి కూడా ఈ సంప్రదాయంలోదే. ఇక ఇలాంటి విమానాలు ఎన్ని మిగిలాయన్న ప్రశ్న. టైగర్ మాత్, హార్వర్డ్‌లను మళ్లీ ఎగిరేలా బాగుచేయించుకున్న భారత వాయుసేన 2018లో ఒక డకోటాను కూడా తన పాత విమానాల దళంలో చేర్చుకుంది. విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142 విమానానికి మూడో కాలు ముక్కు కిందే ఉంది కాబట్టి దానికి ఈ బెడద లేదు. 2024లో నౌకాదళం సేవ నుంచి తప్పించిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్‌కు మాత్రం చక్రం తోక కిందే.

దించేటప్పుడు జాగ్రత్త ఇంకాస్త ఎక్కువే కావాలి. ఎత్తేటప్పుడు తేలికైనది దిగేటప్పుడు క్షణక్షణం బరువెక్కుతుంది, సరిగ్గా చేతులు అలసిన సమయంలో. తోకచక్రం నేరుగా ఉందో లేదో చూసుకొని, పాదాలు పక్కకు తీసి, నెమ్మదిగా వదలాలి. పాత విమానాలకు కొత్త రంగు వేసేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: తోక దగ్గర ‘ఇక్కడ ఎత్తండి’ అనే అక్షరాలుంటే వాటి మీద బ్రష్ ఆడించే ముందు నకలు తీసిపెట్టుకుని, రంగు ఆరాక అదే చోట మళ్లీ రాయాలి.