చెరువుల సీమలో నెరైట్ నత్త

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చెరువుల సీమ. సరళాసాగర్ అలుగు నీరైనా, కేసరి సముద్రం కింద పారే నీరైనా వాగులు పట్టుకుని చివరికి కృష్ణలో కలిసేదే. ఇంటి తొట్టిలో నీళ్లు మార్చి మోరీలో పారబోస్తే అవీ ఆ దారినే పోతాయి. అందుకే అక్వేరియంలో ఏ ప్రాణిని పెంచుతున్నామన్నది మన గడపలోపలి సంగతి మాత్రమే కాదు. పాచి వదిలించడానికి నత్తను తెచ్చుకోవాలనుకుంటే ఇక్కడివారికి తగినది నెరైట్ నత్తే. పాచి బాగా తినడం దాని గుణాల్లో ఒకటి. మంచినీటిలో దాని సంతతి పెరగకపోవడం అంతకన్నా పెద్ద గుణం.

నెరైట్ల సొంత ఇల్లు సముద్ర తీరం, మడ అడవులు, నదులు సముద్రంలో కలిసే చోట్లు. కొన్ని జాతులు మంచినీటి వాగుల్లోకీ ఎక్కి బతుకుతాయి. ఆడ నత్త రాళ్లకు అంటించిన గుడ్ల నుంచి వచ్చే సూక్ష్మమైన పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి ఉప్పునీటిలో పెరుగుతాయి. గుల్ల కట్టాక తిరిగి ఎగువకు పాకుతాయి. కోస్టారికా నదుల్లో ఇలా బారులు తీరి ఏరెక్కే పిల్ల నత్తలను శాస్త్రవేత్తలు నమోదు చేశారు. గద్వాల నుంచి సముద్రం దాకా శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ అడ్డున్నాయి. కాబట్టి పొరపాటున తొట్టి దాటి చెరువులో పడినా నెరైట్ తన కాలం తాను బతుకుతుందే తప్ప మంద కట్టలేదు.

చెరువు గట్టున ఉచితంగా దొరికే నత్తలుండగా డబ్బు పెట్టి కొనడమెందుకని అడగవచ్చు. మన చెరువుల్లోని పెద్ద నత్తగుల్ల పాచితో ఆగదు, తొట్టిలోని మొక్కలనూ మేస్తుంది. చక్రంలా చుట్టుకున్న చిన్న నత్త పశువులకు గురక జబ్బు తెచ్చే పరాన్నజీవికి ఆశ్రయమిస్తుంది. ఇక విదేశీ నత్తల సంగతి మరీ ప్రమాదం. దక్షిణ అమెరికా నుంచి 1980 ప్రాంతంలో తిండి కోసం తైవాన్‌కు, ఆపై ఫిలిప్పీన్స్‌కు తెచ్చిన బంగారు నత్త పొలాల్లోకి జారుకుని వరి నాట్లను మేసేసింది. వరి మీద బతికే మన ఆయకట్టుకు అలాంటి ముప్పు తెచ్చిపెట్టుకోకూడదు.

నెరైట్‌ను పెంచడంలో మొదటి మెళకువ ఓపిక. కొత్త తొట్టిలో పాచి ఉండదు, నత్త పస్తుంటుంది. నెలా రెండు నెలలు ఆగి, అద్దం మీద పచ్చని పొర కనిపించాకే దించాలి. ఇరవై లీటర్లకు ఒక్కటి చాలు. పలకలాంటి పాదంతో అద్దాన్ని కరిచి, నాలుక మీది సన్నని పళ్ల వరుసలతో గీరుతూ పోతే, వెనక పాచి పొరలో వంకరటింకర చార పడుతుంది. గుల్ల గట్టిగా ఉండాలంటే నీటిలో సున్నపు అంశం కావాలి. పాలమూరు బోరునీళ్లలో అది సాధారణంగా దండిగానే ఉంటుంది. క్యాన్లలో వచ్చే ఫిల్టర్ నీళ్లతోనే తొట్టి నింపితే గుల్ల పెళుసుబారి గుంటలు పడుతుంది. నల్లా నీటిలోని క్లోరిన్‌ను విరిచాకే పోయాలి. చేపల జబ్బుకు వేసే మందులో రాగి ఉంటే నత్త చస్తుంది, సీసా మీద చదివి చూడాలి. ఎండాకాలంలో తొట్టిని కిటికీకి దూరంగా జరపాలి. పైన మూత తప్పనిసరి, లేదంటే రాత్రిపూట పాకి బయటపడుతుంది. వెల్లకిలా పడి ఉంటే తిప్పి పెట్టాలి, చాలాసార్లు తనంతట తాను లేవలేదు.

రాళ్లకూ అద్దానికీ నువ్వుగింజల్లా అంటుకునే తెల్లని గుడ్లు చూడటానికి బాగుండవన్నది నిజమే. పొదగని ఆ గుడ్లే మన చెరువులకు రక్ష. దీనికన్నా బరువైన ఆక్షేపణ మరొకటుంది: అంగట్లోకి వచ్చే నెరైట్లు దాదాపు అన్నీ ప్రకృతిలో ఏరి తెచ్చినవే. తొట్టిలో పెరగని ప్రాణిని కొనడమంటే ఏదో తీరం నుంచి ఒకదాన్ని తగ్గించడమే. ఈ మాటను తోసిపుచ్చలేం. దానికి జవాబు కొనే తీరులోనే ఉంది. దీపం రోజుకు ఆరేడు గంటలకు మించి వెలగనివ్వకుండా, చేపలకు మేత అతిగా వేయకుండా ఉంటే పాచి సగం అక్కడే తగ్గుతుంది. మిగిలినదానికి ఒకటి రెండు నత్తలు చాలు. సరిగ్గా చూసుకుంటే అవి ఏళ్లపాటు బతుకుతాయి. కాబట్టి తక్కువ కొనండి, కొన్నదాన్ని కడదాకా కాపాడండి, తొట్టిలోని ఏ ప్రాణినీ చెరువులో వదలకండి.