అచ్చం ఇలాగే కుట్టాలి

ఇప్పుడు జాకెట్టు కుట్టించుకోడానికి బయల్దేరే ఆడవాళ్ల సంచిలో చీరతో వచ్చిన ముక్క ఉంటుంది, లైనింగు గుడ్డ ఉంటుంది, ఆది జాకెట్టు ఉంటుంది. సంచి దించకముందే చేతిలో సెల్ ఫోను తెరుచుకుంటుంది. అందులో ఏ ఆడియో ఫంక్షన్‌కో వచ్చిన కథానాయిక. బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి, మెడ దగ్గర ఆపి, "అక్కా, అచ్చం ఇలాగే కుట్టాలి" అంటారు. తెనాలిలో మా పిన్ని ఏళ్ల తరబడి వింటున్న మాట ఇది. "అచ్చం అలాగే రావాలంటే ఆ అమ్మాయిని కూడా వెంటబెట్టుకురావాలమ్మా" అంటుంది, మెడలోంచి టేపు తీస్తూ. అని, ఆ ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్తుంది.

వేసవి సెలవుల్లో ఆవిడ దగ్గర కూర్చుని హుక్కులు కుట్టి, కాజాలు తీసి, చేతిపని నేర్చుకున్నదాన్ని నేను. కత్తెర మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. ఆ అలవాటు వల్ల ఈనాటికీ పత్రికల్లో ఫ్యాషన్ పేజీ చూస్తే నా చూపు ముందు కుట్టు మీదికి పోతుంది. మన దగ్గర ఫ్యాషన్ గురించి రాసేవాళ్లంతా ఒక మాట తేలిగ్గా అనేస్తుంటారు. పెద్ద డిజైనర్లు సృష్టిస్తారు, సినిమా తారలు తొడుక్కుంటారు, ఊళ్లలో దర్జీలు కాపీ కొడతారు అని. మొదటి రెండూ సరే. మూడోదాని దగ్గరే నాకు పేచీ.

ఫోటోలో జాకెట్టు ఒకవైపే కనిపిస్తుంది. ఉదాహరణకి బోట్ నెక్. మెడ భుజం దాకా అడ్డంగా సాగాలంటే ముందు హుక్కుల పట్టీ ఉంటే ఆ గీత తెగిపోతుంది. కాబట్టి హుక్కులు వెనక్కి వెళ్లాలి, లేదా పక్కన జిప్పు పెట్టాలి. ఫోటో ఈ సంగతి చెప్పదు. అందుకే బోట్ నెక్ అడిగినవాళ్లని మా పిన్ని ముందు కొలతలు అడగదు, "ఇంట్లో వెనక హుక్కులు పెట్టేవాళ్లున్నారా?" అని అడుగుతుంది. ఒంటరిగా హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకునే పిల్లకి ఒక రకంగా, అత్తాకోడళ్లు కలిసి ఉండే ఇంటికి మరో రకంగా కుడుతుంది. నా దృష్టిలో డిజైనింగ్ అంటే ఈ ప్రశ్నే.

వెనక మెడ బాగా కిందికి దిగితే భుజాలు జారతాయి. ముందు మెడ పైకి జరపాలి, లేకపోతే వెనక డోరీ కట్టాలి. కథానాయిక తొడిగింది బిరుసైన రా సిల్కు అయితే పఫ్ చెయ్యి లేచి నిలబడుతుంది. మనావిడ తెచ్చింది మెత్తటి జార్జెట్ ముక్క. లోపల నెట్టు పొర వెయ్యకపోతే ఆ పఫ్ కూలబడి ఊరుకుంటుంది. పైగా చీరతో వచ్చే ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు. అందులోనే ఒళ్లు, అందులోనే మోచేతి దాకా చేతులు, చేతుల చివర అంచు. పఫ్ పెట్టాలంటే గుడ్డ చాలదు. అప్పుడు చీరలో లోపల దోపుకునే వైపు నుంచి జానెడు కోస్తారు. ఎంత కోస్తే కుచ్చిళ్లకి లోటు రాదో ఆ మనిషి నడుము చూసి తేల్చాలి. ఇక షూటింగుల్లో, ఫోటోల్లో బిగుతుగా కనబడ్డం కోసం వెనకవైపు క్లిప్పులు, పిన్నీసులు పెట్టడం మామూలే. ఫోటోలో మనల్ని మురిపించే ఆ నప్పడం సగం పిన్నీసులదే.

తెర ఎంత దాస్తుందో చెప్పడానికి ఒక పాత హిందీ సినిమా చాలు. 1968లో వచ్చిన 'బ్రహ్మచారి'లో ముంతాజ్ ఒక పాటలో నారింజ రంగు చీరతో నాట్యం చేస్తుంది. ఒంటికి అతుక్కున్నట్టుండే ఆ కట్టు అప్పట్లో పెద్ద మోజు. నిజానికి అది కట్టిన చీర కాదు, కుట్టిన చీర. లోపల జిప్పు ఉంది. కుట్టించింది కొల్హాపూర్ ఆవిడ భాను అథైయా. 'గాంధీ' సినిమాకి 1983లో జాన్ మోలోతో కలిసి ఆస్కార్ అందుకుని, ఆ బహుమతి పొందిన మొదటి భారతీయురాలు అయిన డిజైనరు. ఆ పాట చూసి వచ్చి "అలాగే కావాలి" అన్న ఆడవాళ్లకి జిప్పు కనబడి ఉండదు. దర్జీలు తమకి తోచిన దారి తొక్కి ఉంటారు. ఇవాళ దుకాణాల్లో అమ్మే వన్ మినిట్ చీరలు చూస్తే నాకు ఆ జిప్పే గుర్తొస్తుంది.

ఫోన్లు లేని కాలంలో ఈ పని ఇంకా కష్టం. వాణిశ్రీ కొప్పు, వాణిశ్రీ చీరకట్టు ఊరూరా నడిచిన రోజుల్లో నమూనా అంటే విజయచిత్ర సినిమా పత్రికలో నడిమి పేజీ, లేదా రెండోసారి సినిమాకి వెళ్లి చూసొచ్చిన జ్ఞాపకం. "మెడ దగ్గర ఇట్టా వంపు తిరిగి, చేతికి ఇక్కడ ముడి" అని గాల్లో వేలితో గీసి చూపిస్తే దర్జీ సుద్దతో గుడ్డ మీద గీసేవాడు. ఆ రెండు గీతల మధ్య ఎన్ని కొత్త మెడలు పుట్టాయో ఎవరు లెక్కపెట్టారు గనక!

అదలా ఉంచి, నకలుకి జాతీయ అవార్డు వచ్చిన సంగతి చూద్దాం. సావిత్రి జీవితం మీద తీసిన 'మహానటి' 2018లో వచ్చింది. మరుసటి ఏడు ప్రకటించిన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ కాస్ట్యూమ్ డిజైన్ బహుమతి ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావులకి ఆ సినిమాకే దక్కింది. న్యాయంగా దక్కిందనే అంటాను. కానీ వాళ్ల ముందున్న పని ఏమిటి? సావిత్రి పాత ఫోటోలు, పాత సినిమాలు దగ్గర పెట్టుకుని, అవే చీరలు, అవే జాకెట్లు సావిత్రిగా నటించిన కీర్తి సురేశ్ ఒంటి మీదికి తేవడం. 1955 నాటి 'మిస్సమ్మ' నలుపు తెలుపు. 1957 నాటి 'మాయాబజార్' కూడా అంతే. బూడిదరంగు నీడను చూసి అది ఆకుపచ్చో వంకాయ రంగో నిర్ణయించాలి. సావిత్రి కొలతలకి కుదిరిన జాకెట్టు కీర్తి భుజాలకి కుదరాలి. బొమ్మ చూసి, కనబడనిది ఊహించి, వేరే ఒంటికి అమర్చడం. మా పిన్ని రోజూ చేసేదీ ఇదే. ఆ సినిమాకి పరిశోధన ఎక్కువ, డబ్బు ఎక్కువ, నేత దగ్గర్నుంచి చూసుకునే వీలు ఎక్కువ. ఆ తేడా నేను కాదనను. పని జాతి మాత్రం ఒకటే.

అలాగని కాపీలన్నిటినీ నెత్తిన పెట్టుకోమనడం లేదు. పోచంపల్లి సంగతి తీసుకోండి. ఇక్కత్‌లో నేశాక రంగు వెయ్యరు. పోగుల్ని ముందే కట్టలుగా కట్టి, డిజైను ప్రకారం చిటికి కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. అందుకే పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ఆ చెదురే దాని అందం. మిల్లు ప్రింటువాళ్లు ఆ చెదురుని కూడా వదలకుండా అచ్చు గుద్దేస్తున్నారు. తిరగేసి చూస్తే ప్రింటు వెనక వెలవెలబోతూ ఉంటుంది, ఇక్కత్‌కి రెండువైపులా ఒకే రంగు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా బజార్లో "ఇక్కత్ ప్రింటు" అనే మాట దర్జాగా నడుస్తూనే ఉంది. ఇక్కడ కాపీ కొట్టినవాడికి చెయ్యి కదిపే అవసరం లేదు, బుర్ర కదిపే అవసరం అంతకన్నా లేదు. నష్టం మాత్రం ఇంటిల్లిపాదీ పనిచేసే నేతగాళ్ల కుటుంబానిది. దాన్ని దొంగతనం అనడానికి నాకు మొహమాటం లేదు.

చట్టం వేరే లెక్క వేస్తుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే పదేళ్లు, ఆపైన మరో ఐదేళ్లు రక్షణ. నమోదుకి వీలున్నా చేయించుకోకపోతే, కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఆ డిజైనుతో పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి తయారవగానే దాని మీద కాపీరైట్ పోయినట్టే. రీతూ కుమార్ బ్రాండుకి చెందిన రితికా కంపెనీ మరో దుస్తుల బ్రాండు బిబా మీద వేసిన దావాలో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్నే ఆధారం చేసుకుని రితికాకి వ్యతిరేకంగా చెప్పింది. అంత పెద్ద పేరుకే దిక్కులేకపోతే, సందు చివర మగ్గం వర్క్ చేసే కుర్రాడి లతకీ నెమలికీ ఏం రక్షణ ఉంటుంది?

మగ్గం వర్క్ గురించి ఒక్క మాట. గుడ్డని చెక్క చట్రానికి బిగించి ఆరీ సూదితో పూసలు, జర్దోసీ కుట్టే ఈ పనిలో కత్తెర తర్వాత వస్తుంది. మెడ గీత, చేతి కొలత ముందే గీసి పంపాలి. అక్కడ అరంగుళం తప్పితే దర్జీ ఏమీ చెయ్యలేదు. పనంతా అయ్యాక కుట్టు పడే చోట పూసలు చిదిమి తీసెయ్యకపోతే మిషను సూది విరుగుతుంది. ఇప్పుడు కంప్యూటర్ వర్క్ వచ్చి అదే నెమలి గంటల్లో తయారై, తక్కువ ధరకి దొరుకుతోంది. కొనేవాళ్లని తప్పుపట్టలేను. చీరకి బేరమాడకుండా వేలు పోసి, కుట్టుకూలి దగ్గర యాభై తగ్గించమని గుమ్మంలో నిలబడేవాళ్లని మాత్రం పడతాను.

ఇంతకీ జీవితమంతా తారల జాకెట్లు చూసి కుట్టిన మా పిన్నికి ఈమధ్య ఒక అవమానం జరిగింది. వెనక మెడ కింద రెండు ముళ్లు వేసి, మధ్యలో ఆకు ఆకారంలో ఖాళీ వదిలే ఒక మెడ ఆవిడ సొంతంగా కట్టింది. ఏ సినిమాలోదీ కాదు. పక్క వీధిలో కొత్తగా షాపు పెట్టినామె ఎవరి పెళ్లిలోనో దాన్ని చూసి, ఫోటో తీసుకుని, తన షాపు ముందు బోర్డు మీద వేయించేసింది. పిన్ని అగ్గిమీద గుగ్గిలం అయిపోయింది. "నువ్వు కొట్టలేదా పిన్నీ ఇన్నాళ్లూ?" అన్నాను.

"నేను కొట్టింది హీరోయిన్లవి, వాళ్లకేం నష్టమే?" అంది.

తర్వాత ఆ షాపులో కుట్టించుకున్న ఒకావిడ మెడ సరిచెయ్యమని పిన్ని దగ్గరికే వచ్చింది. వెనక మెడ ఒంటికి ఆనక బయటికి తెరుచుకుని ఉంది. పిన్ని కుట్టు విప్పి చూసి, నన్ను పిలిచి చూపించింది. అంత లోతు మెడకి లోపల క్రాసు పట్టీ వేసేటప్పుడు దాన్ని కాస్త లాగి పట్టుకుని కుట్టాలి, అప్పుడే మెడ ఒంటిని అంటుకుంటుంది. ఈ పట్టీ వదులుగా కుట్టి ఉంది. పిన్ని మొహం అప్పటికి తేటపడింది.

"ఎత్తుకుపోనీలే. పట్టీ లాగి కుట్టాలని దానికి తెలీదుగా" అని, ఆ జాకెట్టు సరిచేసి, డబ్బులు తీసుకోకుండా పంపించేసింది.