మూలనున్న చిన్న అంకె

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ రోజుల్లో యంత్రాలను నడిపే పీఎల్‌సీ కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే మాలాంటివాళ్లకు నిద్ర ఉండదు. ఒక సీజన్లో, రాత్రి పదకొండింటికి ఫోను. "సార్, డ్రమ్ము నిండతానే ఉంది, రికార్డులో మాత్రం సున్నా పడతా ఉంది" అన్నాడు ఫిల్లింగ్ దగ్గరుండే కుర్రాడు.

వెళ్లి చూస్తే స్క్రీన్ మీద ప్రోగ్రాము బొమ్మ బాగానే ఉంది. గుజ్జు కిలోలు కూడే బ్లాకు, దాన్నుంచి బరువు రాసుకునే బ్లాకుకు ఒక గీత. డ్రమ్ము నిండగానే ఒకే సిగ్నల్ రెండింటికీ వెళ్తుంది. ఒకటి బరువు రాసుకోవాలి, రెండోది లెక్క సున్నా చేసుకుని తర్వాతి డ్రమ్ముకు సిద్ధమవ్వాలి. గంటసేపు గీతలే వెతికాను. ఒక్కటీ తప్పు లేదు. వేసిన ముగ్గును చూసి చెయ్యి ఏ చుక్క దగ్గర మొదలైందో చెప్పలేం కదా, ఇదీ అంతే.

పీఎల్‌సీ ఇన్‌పుట్లు చదువుతుంది, బ్లాకుల్ని ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది, ఔట్‌పుట్లు రాస్తుంది, మళ్లీ మొదలు. ఒక్కో చుట్టుకు కొన్ని మిల్లీసెకన్లు. మా సిగ్నల్ బతికేది ఆ ఒక్క చుట్టే. అందుకే స్క్రీన్ మీద ఎంత కళ్లు పెట్టుకు చూసినా అది కనబడలేదు. చివరికి సున్నా చేసే గీతను తీసేసి ఒక డ్రమ్ము నింపించాను. రికార్డులో 213 పడింది. గీతలు సరే, వరుసే తప్పు.

బ్లాకు మూలన ఉండే చిన్న అంకె ఆ వరుస. సాయంత్రం కొత్త బ్లాకు ఒకటి చేర్చి, డేటా ప్రవాహాన్ని బట్టి వరుస పెట్టమని సాఫ్ట్‌వేర్‌కే అప్పగించాను. విలువను పుట్టించేదాన్ని ముందు, వాడుకునేదాన్ని తర్వాత పెట్టింది. మామూలుగా అదే న్యాయం. ఇక్కడ మాత్రం లెక్క ముందు చెరిగిపోయి, ఆ తర్వాత రాత మొదలైంది. (1986లో వచ్చిన ల్యాబ్‌వ్యూ అనే బొమ్మల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్లో ఈ అంకెలుండవు, కావలసినవన్నీ అందాకే బ్లాకు కదులుతుంది. అక్కడా, గీత కలపని రెండు బ్లాకుల్లో ఏది ముందో హామీ లేదు.)

రాసుకునే బ్లాకును ముందుకు జరిపాను. అది గత చుట్టులోని మొత్తాన్నే చదువుతుంది, మాకు కావలసిందీ అదే. సున్నా చేసే గీతను తిరిగి కలిపాను. ఆలోగా నిండిన డ్రమ్ముల బరువులు ఆ కుర్రాడు కాటా చూసి ఒక అట్టముక్క మీద రాసిపెట్టాడు. తెల్లారేలోపు ఇద్దరం కూర్చుని వాటిని ఎక్కించాం.