ఆకలికి కథలున్నాయి, తినాలనిపించడానికి లేవా?

తెలుగు కవిత్వంలో శరత్తు అంటే వెన్నెల, తెల్లమబ్బులు, రెల్లుపూలు. నన్నయ కలం అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గరే ఆగిపోయిందని చెప్పుకుంటాం కూడా. మా కళింగపట్నంలో మాత్రం ఆ రుతువుకి ఇంకో పేరుంది, తుపాను. రాష్ట్రంలో మిగతావాళ్ళకి మా ఊరు గుర్తొచ్చేదే ఆ రోజుల్లో. ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో, వాయుగుండం కళింగపట్నానికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో చెప్పేటప్పుడు మా ఊరి పేరు వినిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్. వంశధార సముద్రంలో కలిసేచోట పుట్టి పెరిగినదాన్ని కనక, శరత్తు గురించి చదివినప్పుడల్లా నాకు వెన్నెల కన్నా ముందు కరెంటు పోయిన వంటిల్లు, బయట హోరు, ముందుగదిలోంచి ‘ఏదైనా వేడివేడిగా చెయ్యకూడదూ’ అనే గొంతూ గుర్తొస్తాయి.

ఈ వ్యాసం ఆ చివరి వాక్యం గురించే. వాన పడితే పకోడీలు తినాలనిపిస్తుందంటాం. ఎవరికి? మన సినిమాల్లో, కథల్లో, కబుర్లలో ఆ ‘అనిపించడం’ ఇల్లంతటిదీ. చేసేది మాత్రం ఒకరు. మూకుడు ముందు నిలబడ్డ మనిషికి వాన పడితే ఏం తినాలనిపిస్తుందో ఎవరూ అడగరు. ఆమె కూడా తనని తాను అడుక్కోదు. వాయి వెనక వాయి ముందుగదిలోకి వెళ్ళిపోయాక, నూనెలో తేలిన మాడు పలుకులు ఆమె వంతు. ఈ విషయంలో మన సాహిత్యం మన ఇళ్ళ కన్నా ఏమైనా మెరుగా అని చూడాలనిపించింది.

ముందు మాటల సంగతి. తిండి ఇష్టపడే మగవాడు భోజనప్రియుడు. ఈ మాటకి స్త్రీలింగం ఎవరైనా వాడగా నేను వినలేదు. ఆడదాని దగ్గరికొచ్చేసరికి అదే ఇష్టం జిహ్వచాపల్యం అవుతుంది, కక్కుర్తి అవుతుంది, యావ అవుతుంది. ‘ఏటే గుంటా, ఆడపిల్లకి అంత తిండి యావేటి? రేపు అత్తోరింట్లో నవ్వరా?’ అని మా వైపు తల్లులు ఎనిమిదేళ్ళ పిల్లని కూడా అంటారు. ఆ తల్లి క్రూరురాలేం కాదు. తనకి జరిగిన శిక్షణనే కూతురికి అప్పగిస్తోంది.

అయితే ఒక్క సందర్భంలో మాత్రం ఆడదాని నాలికకి అన్ని హక్కులూ ఇచ్చారు. కడుపుతో ఉన్నప్పుడు. చింతకాయ అడిగినా, మట్టి నాకినా, అర్ధరాత్రి తాటిరొట్టె కావాలన్నా తెచ్చిపెట్టాలి, లేకపోతే బిడ్డకి లోపం. అంటే అడిగేది ఆమె నోరే అయినా హక్కు కడుపులో ఉన్నవాడిది. ఈ కోరికకి సంస్కృతంలో ‘దోహదం’ అని పేరు. రెండు హృదయాలున్న స్థితి నుంచి ఆ మాట పుట్టిందని సంప్రదాయ వ్యుత్పత్తి. కావ్యాల్లో ఈ దోహదాన్ని చెట్లకి కూడా అంటగట్టారు. అందగత్తె కాలితో తంతే అశోకం పూస్తుంది, నోటిలోని మద్యం పుక్కిలిస్తే పొగడ పూస్తుంది. ఇప్పుడు ఆ మాట మనకి ఎక్కడ కనిపిస్తుంది? దినపత్రికల్లో. ఫలానా పథకం అభివృద్ధికి ఎంతగానో దోహదపడుతుందని రోజూ చదువుతాం. గర్భిణి కోరికకి పేరుగా ఉన్న మాట, మరొకరి ఎదుగుదలకి సాయపడటం అనే అర్థంలో స్థిరపడింది. భాషకి కుట్ర అంటగట్టను గానీ, ఈ ప్రయాణాన్ని స్త్రీవాద విమర్శకులుగా మనం పట్టించుకోవాలి.

దోహదానికి మన సాహిత్యంలో అతి పెద్ద ఉదాహరణ సీత. ఉత్తరకాండలో గర్భవతిగా ఉన్న ఆమెను రాముడు ఏం కావాలో కోరుకోమంటాడు. గంగ ఒడ్డున మునుల ఆశ్రమాలు చూడాలని ఉందంటుంది. ఆ కోరిక తీర్చే నెపంతోనే లక్ష్మణుడి వెంట రథమెక్కించి అడవిలో వదిలేయిస్తారు. సీత అగ్నిప్రవేశం గురించి, భూప్రవేశం గురించి ఎన్నో రాసుకున్నాం. ఈ మధ్యలో జరిగినదాన్ని అంతగా తడమలేదని నాకనిపిస్తుంది. నీకేం కావాలని అడిగారు, ఆమె చెప్పింది, ఆ చెప్పినదాన్నే బండిగా కట్టి తోలేశారు. కోరుకోకుండా ఉండటమే క్షేమమని ఇంతకన్నా గట్టిగా ఎవరు నేర్పగలరు?

కడుపు కాకపోతే వ్రతం. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. తెల్లవారకముందే లేచి ఆడపిల్లలు గోంగూర పచ్చడితోనూ పెరుగుతోనూ కడుపునిండా తిని, పగలంతా ఉపవాసముండి ఉయ్యాలలూగి, చంద్రుణ్ణి చూశాక అట్లు తింటారు. తెలుగు పండుగలన్నిటిలోనూ ఆడపిల్లల తిండి సరదాకి ఇంత బాహాటంగా చోటిచ్చిన పండుగ ఇంకోటి లేదు. కానీ దీనికీ ఒక చీటీ తగిలించారు, మంచి మొగుడి కోసమని. (చిన్నప్పుడు మా వీధిలో అట్లతద్ది చేసుకునే ఇళ్ళు వేరు, మా ఇళ్ళు వేరు. ఆ అట్లు మాకు గోడ అవతలి వాసనగానే తెలుసు.)

ప్రబంధాల్లోకి వెళ్ళి ఎక్కువసేపు ఉండక్కర్లేదు. పెద్దన ప్రవరుడి భార్యని వేలమంది వచ్చినా వండటానికి అలసిపోని మనిషిగా, అన్నపూర్ణకి సాటిగా నిలబెట్టాడు. అంతకు మించి ఆమెతో ఆయనకి పని లేదు. ‘ఆముక్తమాల్యద’ వానాకాలం వర్ణన కొంత నయం. నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగడం, తడికట్టెలు రాజుకోకపోవడం, కళ్ళనిండా పొగ, ఆరని బట్టలు, ఇవన్నీ ఒక చక్రవర్తి పద్యంలోకి ఎక్కాయి. వంటింటి చిన్నచిన్న ఆపదలని గమనించిన ఆ కన్నుకి నేను దణ్ణం పెడతాను. ఆ పొగలో నిలబడ్డ ఇల్లాలు దేనికి నోరూరించుకుందో మాత్రం అక్కడా లేదు.

మా ఉత్తరాంధ్ర సాహిత్యంలో నన్ను చాలాకాలంగా పట్టుకున్న మనిషి పూటకూళ్ళమ్మ. ‘కన్యాశుల్కం’ మీద విమర్శ అంతా మధురవాణి చుట్టూ, బుచ్చమ్మ చుట్టూ, కాస్త మీనాక్షి చుట్టూ తిరుగుతుంది. పూటకూళ్ళమ్మ నవ్వుల ఖాతాలో పడిపోయింది. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకుపోయి గిరీశం మధురవాణికి ఖర్చుపెడతాడు. ఆవిడ చీపురుకట్టతో మధురవాణి ఇంటికే వస్తుంది, మగవాళ్ళు మంచం కింద దూరతారు. విజయనగరంలో 1892లో తొలిసారి ఆడినప్పటి నుంచీ జనం నవ్వుతూనే ఉన్నారు. నవ్వు పక్కనపెట్టి చూస్తే ఆ నాటకంలో తన కష్టంతో తాను బతికే కొద్దిమందిలో ఈమె ఒకర్తె. వితంతువు. డబ్బు పుచ్చుకుని ఊళ్ళో మగవాళ్ళకి పూటపూటా కూడు పెడుతుంది. ఆమె పేరే ఆ పని, సొంత పేరేమిటో మనకి తెలియదు. ఆనాటి బ్రాహ్మణ వితంతువుకి ఒంటిపూట భోజనం, ఏకాదశి ఉపవాసాలు. రెండుపూటలా ఊరికి వండి వడ్డించే మనిషి తనకి ఒక్కపూటే పెట్టుకోవాలి. ఈ వైరుధ్యాన్ని గురజాడ మాటల్లో పెట్టలేదు. పెట్టకపోయినా, పోపు వాసనలో రోజంతా నిలబడి రాత్రికి నీళ్ళు తాగి పడుకునే ఆ మనిషి చేతిలో చీపురుకట్టకి, ఇరవై రూపాయల బాకీ ఒక్కటే కారణం అనుకోలేను. గిరీశం తిన్నాడు, అదీ బాకీ పెట్టి. నూట పాతికేళ్ళుగా ఆ బాకీ మనకి హాస్యం.

ఇక మన కాలానికి వస్తే, స్త్రీవాదం వంటింటి మీద చేసిన పని చిన్నది కాదు. విమల ‘వంటిల్లు’ కవిత వచ్చాక ఆ గదిని తెలుగు కవిత్వం మళ్ళీ పాత కళ్ళతో చూడలేకపోయింది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. చాకిరీ, గుర్తింపు, సమయం, గది, ఆస్తి అన్నిటినీ మనం కథల్లోకి తెచ్చుకున్నాం. అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’ నాకు ఈ వరసలో ప్రత్యేకం, అది కేవలం నిద్ర గురించి. ఒక ఆడమనిషి కంటినిండా నిద్రపోవాలనుకుంటుంది, అంతే. అంత చిన్న కోరిక మీద ఒక కథ మొత్తం నిలబడగలదని, ఆ చిన్నదనమే దాని రాజకీయమని ఆవిడ చూపించారు. నిద్రకి అలాంటి కథ వచ్చింది. నాలికకి ఏదీ?

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టిన కథానిలయంలో ఈ ప్రశ్న పట్టుకుని చాలా మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఆకలి కథలు బీరువాల నిండా ఉన్నాయి. అవి గొప్ప కథలు, మా ప్రాంతం ఈ భాషకిచ్చిన గొప్ప కథల్లో చాలా వాటికి మూలం ఆకలే. ఆకలికి సాహిత్యంలో గౌరవం ఉంది. తల్లి తాను మానుకుని బిడ్డకి పెట్టడానికి ఇంకా ఎక్కువ గౌరవం. కానీ కడుపు నిండాక కూడా, కడుపుతో లేకుండా, ఏ వ్రతమూ పట్టకుండా, ఎవరికీ పెట్టకుండా, తనకి తానే ఒకటి తినాలనుకున్న ఆడదాని కథ కోసం నేను వెతికాను. దొరికిన చోటల్లా ఆమె పక్కపాత్ర. దొంగచాటుగా తిని దొరికిపోయిన కోడలు, లేదా తిండిపోతు వియ్యపురాలు. నవ్వించడానికి వచ్చి వెళ్ళిపోతుంది.

పేదరికం ఉన్నంతకాలం ఈ చిన్న కోరికల గురించి మాట్లాడటం విలాసం కాదా అని ఒక పెద్ద రచయిత్రి నన్ను నిలదీశారు. మా నాయనమ్మ ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మేది. ఆకలి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. చివరి రోజుల్లో ఒకసారి ‘నీకేటి తినాలనుందే నాయనమ్మా’ అని అడిగాను. చాలాసేపు ఆలోచించి ‘నాకేటి తెలుస్తాదే, ఎవులడిగినారు’ అంది. ఆకలి తీరాక మాట్లాడదామని వాయిదా వేస్తే చివరికి మిగిలేది ఆ జవాబే. ఆ రచయిత్రి వాదనతో నేను ఏకీభవించను.

ఇందులో కులం సంగతి దాటవేస్తే వ్యాసం అబద్ధమవుతుంది. తెలుగు రచనల్లో నోరూరించే తిండి అంటే పులిహోర, గారెలు, బొబ్బట్లు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ మొదలుకుని ఎన్నో ముద్రణలు పొందిన పుస్తకాలన్నీ మధ్యతరగతి వంటింటికి ఒక ప్రమాణాన్ని ఏర్పరిచాయి. నాకు వాన పడితే తినాలనిపించేది వంకాయ వేసిన ఎండు నెత్తళ్ళ ఇగురు. దాన్ని నేనుండే శివారు కాలనీలో నోరారా చెప్పుకోవడం కూడా కష్టం. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే కార్తీకమాసంలో నీసు వండకూడదన్న షరతు నవ్వుతూ చెప్పారు. గాలివానకి కరెంటు పోయి కిటికీలన్నీ బిగించుకున్న ఒక సాయంత్రం, నెత్తళ్ళు వేయించుకున్నాను. వాసన ఇంట్లోనే నిలిచిపోయింది. కరెంటు వచ్చీరాగానే వంటింటి ఫ్యాను తిరిగి, ఆ వాసనంతటినీ తీసుకెళ్ళి మేడమీద దీపాలు పెట్టుకుంటున్నవాళ్ళ ముంగిట్లో దించింది. కాసేపటికి పైనుంచి అగరొత్తుల పొగ, దాని వెనకే ‘మేడమ్, కార్తీకం కదా’ అని ఒక మెత్తని మాట. నవ్వొచ్చే సంగతే, నేనూ నవ్వాను. తినడం మాత్రం ఆపలేదు. కానీ ఒక అగ్రవర్ణ ఇల్లాలి కక్కుర్తికి దొరికే నవ్వులాటి చోటు కూడా ఈ ఇగురుకి కథల్లో దొరకలేదని ఆ రాత్రి అనిపించింది. ఆమె కోరిక దాచుకోవాల్సినది. నా కోరిక ఇల్లు ఖాళీ చేయించగలిగినది. రెండూ ఒకటే అణచివేత అని కలిపి రాయడం నాకు ఇష్టం లేదు. దళిత బహుజన స్త్రీల రచనల్లోకి తిండి ఆత్మగౌరవ ప్రశ్నగా వచ్చింది, రావాల్సిందే. ఆత్మగౌరవంతో నిమిత్తం లేకుండా, ఊరికే రుచి కోసం కూడా అది రావాలని నా ఆశ.

పోయినేడు ఎం.ఏ. తరగతిలో పిల్లల్ని ‘వాన రోజున నాకు తినాలనిపించేది’ అని ఒక పేజీ రాయమన్నాను. మగపిల్లలు దాదాపు అందరూ అమ్మ చేతి వంట గురించి రాశారు. ఆడపిల్లల్లో చాలామంది వాన రోజున తాము ఇంట్లోవాళ్ళకి ఏం చేసిపెడతారో రాశారు. ప్రశ్న అది కాదని వాళ్ళకి తోచనే లేదు. తీరప్రాంతపు అమ్మాయి ఒకరు పీతల పులుసు అని మొదలుపెట్టి, దాన్ని కొట్టేసి, పులిహోర గురించి పేజీ నింపింది. ఎందుకు కొట్టేశావని అడిగితే ‘నీసు గురించి తెలుగు పేపర్లో రాయొచ్చా మేడమ్?’ అంది. రాయొచ్చని చెప్పి కాగితం వెనక్కిచ్చాను. వారం తరవాత నాలుగు పేజీలు తెచ్చింది. అందులో పులుసు ఎవరికి వడ్డించిందో ఎక్కడా లేదు. పీత డెక్క కొరికేటప్పుడు పంటికింద వచ్చే చప్పుడు గురించే ఒకటిన్నర పేజీ ఉంది.